అనాథ గుడ్ల అన్న

చెట్టు మీద పిట్టగూడు కనబడితే మామూలు మనిషి తలెత్తి చూసి తన దారిన పోతాడు. మన అన్న అట్లా పోలేడు. గూట్లో గుడ్లుండి, పైన పిట్ట లేకపోతే ఆ పూట ఆయనకు ముద్ద దిగదు. "పాపం, తల్లి యిడ్సిపెట్టి పోయిందబ్బా!" అని తీర్పు చెప్పేస్తాడు. ఆ తల్లి మేతకు పోయి అప్పటికి అయిదు నిమిషాలు కూడా అయ్యుండదు.

ప్రొద్దుటూరులో ఈ అన్న బంగారు అంగళ్ల వీధిలో దొరుకుతాడు. ఏసీ డబ్బా వెనక గువ్వ నాలుగు పుల్లలు అడ్డదిడ్డంగా పేర్చి 2 గుడ్లు పెడుతుంది. గువ్వల పనితనమే అంత. అన్నకు మాత్రం అది కటిక పేదరికంగా కనిపించి, దూది తెచ్చి పరుపు వేయబోతాడు. పగలు మగది, రాత్రి ఆడది వంతులేసుకుని పొదుగుతుంటాయి. అన్న నిచ్చెన వేసిన చప్పుడుకే లేచిపోతాయి. "సూసినావా, నేను యెప్పుడెక్కినా గూట్లో ఎవురూ ఉండరు!" అంటాడు.

జమ్మలమడుగు అన్న బండల గనుల వైపు తిరుగుతాడు. అక్కడ తీతువు రాళ్ల నడుమ చిన్న గుంటలో 4 మచ్చల గుడ్లు పెడుతుంది. ఇక అవి కలివికోడి గుడ్లేనని అన్న పట్టు. మాయమైపోయిందనుకున్న కలివికోడి 1986లో ఈ కడప జిల్లాలోనే, లంకమల దగ్గర కనబడింది కదా! దాని గుడ్డొకటి స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉంది. రెండోది తన కాళ్ల దగ్గరుందని ఆయన నమ్మకం. నెత్తి మీద తీతువు అరుస్తూ దూసుకొస్తుంటే, "ఈ అపశకునపు పిట్ట గుడ్లు తినను వచ్చాండాది" అని రాయి విసురుతాడు. ఆ పిట్టే తల్లి. ఎండాకాలంలో పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరిచేది అదే. అన్న గొడుగు పట్టుకుని కాపలా నిలబడినంతసేపూ అది దిగలేదు.

పులివెందుల అన్న శాస్త్రజ్ఞుడు. చీనీతోటలో గువ్వగుడ్లు దొరికితే అట్టపెట్టె, బల్బు, థర్మామీటరు సిద్ధం. కోడిగుడ్డుకు 37.5 డిగ్రీలు, 21 రోజులు అని కంఠతా వచ్చు. గువ్వగుడ్డుకు రెండు వారాలు చాలు. సరే, పిల్ల బయటికొచ్చి నోరు తెరిచిందే అనుకుందాం. మొదటి రోజుల్లో దానికి కావలసింది తల్లీతండ్రీ గొంతుసంచిలో ఊరే పాలవంటి పదార్థం. అన్నకు గుబురు మీసం ఉంది గానీ గొంతుసంచి లేదు. నూకలు తెచ్చి పెడతాడు.

మనిషి చెయ్యి తగిలితే తల్లి గూటికి రాదని మూడు ఊళ్ల అన్నలూ గట్టిగా నమ్ముతారు. అందుకని గుడ్లను పట్టకారుతో తీస్తారు! చెయ్యి వాసనకు బెదిరి గూడు వదిలే పిట్టలు అరుదు. పక్కనే మనిషి కదలకుండా నిలబడితేనే వాటికి భయం. పైగా చాలా పిట్టలు రోజుకొకటి చొప్పున గుడ్లన్నీ పెట్టి, ఆఖరుదాని తర్వాతే పొదగడానికి కూర్చుంటాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పిట్టల గుడ్లు పాడుచేయడమే కాదు, గూటిని కదిలించడమూ వేటే. ఈ సంగతి చెబితే అన్న నొచ్చుకుంటాడు: "వేటా? నేనా? ఆదివారం కోడిని కోసేటప్పుడు గూడా అవతలికి తిరుక్కుంటా!"

దూరంగా జరిగి గమ్మునుంటే చాలు. నిజంగానే పిట్ట రాకపోతే ఆ గుడ్లు ముంగిసకో కాకికో ఆహారమవుతాయి. పిట్ట ఇంకోచోట మళ్లీ పెడుతుంది. కానీ గమ్మునుండడం కన్నా నిచ్చెన ఎక్కడమే అన్నకు సుళువు.

మొన్న ఎండాకాలం ప్రొద్దుటూరు అన్న తమ్ముని చీనీతోట చూసుకోను పులివెందుల పోయి, నెలదినాలు ఉండిపోయినాడు. తిరిగొచ్చేసరికి గువ్వపిల్లలు రెండూ ఎగిరిపోయినాయి. ఇక వీధంతా ఒకటే ఉపన్యాసం.

"నేను ల్యాకపోతే ఆ పిల్లలు బతికేటియ్యా?"

వదిన చేటలో బియ్యం చెరుగుతూ అందుకుంది: "నేను చెప్పేదీ అదే. నువ్వు ల్యాకపోబట్టే బతికినాయి."