కారుకి పట్టించిన మందు

సఖినేటిపల్లి నుంచి మలికిపురం వెళ్ళడానికి మిథనాల్ అక్కర్లేదు. రాజోలు వెళ్ళడానికీ అక్కర్లేదు. ఆ మాటకొస్తే మా రోడ్ల మీద టర్బో కూడా దండగే. ఓ పక్క పంటకాలవ, ఇంకో పక్క చేపల చెరువు, మధ్యలో ఎదురొచ్చిన కారు ఒరుసుకోకుండా తప్పుకుంటే అదే పదివేలు. ముందు కొబ్బరికాయల ట్రాక్టరు, వెనక రొయ్యల బండి, అడ్డంగా గేదె. ఇలాంటి చోట రోజూ తిరిగే ఒక లీటరు టర్బో పెట్రోలు కారుకి, నీళ్లూ మిథనాలూ కలిపి ఇంజన్లోకి చిమ్మే యంత్రం బిగించుకున్న మనిషిని నేను. ఎవరూ బలవంతపెట్టలేదు. డబ్బులు నావే, బుద్ధీ నాదే.

కారు కొన్నప్పుడు బాగానే ఉండేది. దాన్ని హైదరాబాదు తీసుకెళ్ళి ఇంజను కంప్యూటర్లో లెక్కలు మార్పించాను. టర్బో గాలిని ఇంకాస్త గట్టిగా నొక్కాలి, స్పార్కు ఇంకాస్త ముందుగా పడాలి, అదీ కోరిక. డిసెంబర్లో కారు అదిరిపోయింది. ఏప్రిల్ వచ్చేసరికి నీరసపడింది.

కారణం పెద్ద రహస్యమేం కాదు. సైకిలుకి గాలి కొట్టాక పంపు అడుగున చెయ్యి పెడితే చురుక్కుమంటుంది చూడండి, టర్బోలోనూ జరిగేది అదే. నొక్కిన గాలి వేడెక్కుతుంది, 100 డిగ్రీలు సులువుగా దాటుతుంది. ఇంటర్‌కూలర్ దాన్ని చల్లారుస్తుంది గానీ బయటి గాలికన్నా చల్లగా చెయ్యలేదు. ఎండాకాలం మధ్యాహ్నం మా దగ్గర బయటి గాలే ఉడుకుతూ ఉంటుంది. ఆ వేడికి సిలిండర్లో ఓ మూలనున్న పెట్రోలు, స్పార్కు నుంచి మంట వచ్చేదాకా ఆగకుండా తనంతట తనే భగ్గుమంటుంది. నాకింగ్ అంటారు దాన్ని. ముదిరితే పిస్టను పగులుతుంది. ఈ కాలపు ఇంజన్లకి ఆ చప్పుడు పసిగట్టే సెన్సరు ఉంటుంది. వినపడగానే స్పార్కుని వెనక్కి జరిపి, బలం తగ్గించి ఇంజను తనను తాను కాచుకుంటుంది.

అంటే నా కారుకి ఏ రోగమూ లేదు. నేను డబ్బిచ్చి ఎక్కించిన లెక్కల్ని పక్కన పెట్టి బతుకుతోంది, అంతే. పాత లెక్కలు మళ్ళీ ఎక్కించేస్తే సరిపోయేది. ఆ ఆలోచన రాకపోలేదు. వెనక్కి తగ్గడం నామోషీగా తోచింది. దాంతో వేడిని తగ్గించే ఉపాయం కోసం చదవడం మొదలుపెట్టాను. నా పాలిట శని ఆ చదువే.

చదివినకొద్దీ నేనేదో గొప్ప వంశంలో చేరుతున్నట్టనిపించింది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల మెసర్‌స్మిట్ 109 విమానాలకి ఎండబ్ల్యూ 50 అని ఓ ద్రవం ఉండేది, సగం మిథనాల్, సగం నీళ్లు. ప్రాణం మీదకొచ్చినప్పుడు పైలట్ దాన్ని ఇంజన్లోకి వదిలేవాడు, అదీ ఒక్కో విడతకి పది నిమిషాలకు మించకుండా. అమెరికన్ల పీ-47లోనూ ఇలాంటి ఏర్పాటే. అంత దూరం ఎందుకు, కాన్పూరులో హెచ్ఏఎల్ తయారుచేసిన ఆవ్రో 748 విమానాలు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కి ఎన్నో ఏళ్లు తిరిగాయి. వాటి రోల్స్‌రాయిస్ డార్ట్ ఇంజన్లకి ఎండ మండే రోజుల్లో టేకాఫ్ బలం పడిపోకుండా ఇచ్చింది నీళ్ల-మిథనాలే. మన ఎండలకి మన విమానాలు తాగిందే మన కారుకీ పడుతుందని తేల్చేసుకున్నాను. ఆ విమానం వెనక ఓ ఎయిర్‌లైన్సు, దానికో ఇంజనీర్ల దండు, సంతకం లేనిదే చెయ్యి వెయ్యని పద్ధతి ఉంటాయన్న సంగతి ఆ తేల్చుకోవడంలో లేదు.

పనికొచ్చే కథ కూడా ఒకటి కంటబడింది. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ వాళ్లు జెట్‌ఫైర్ అనే టర్బో కారు తెచ్చారు. నీళ్లూ మిథనాలూ కలిపిన ద్రవాన్ని టర్బో రాకెట్ ఫ్లూయిడ్ అని పేరెట్టి డబ్బాల్లో అమ్మారు. కొన్నవాళ్లు ఆ ట్యాంకు నింపడం మర్చిపోయారు. ద్రవం అయిపోగానే కారు బలం తగ్గించేసుకునేది, జనం షోరూముకొచ్చి గోల పెట్టేవారు. చివరికి ఎన్నో కార్లకి టర్బోలు పీకేసి మామూలు కార్బురేటర్లు పెట్టి పంపారు. 1963తో ఆ కారు కథ ముగిసింది. ఇది చదివి నేను ఏం నేర్చుకున్నాను? ట్యాంకు మర్చిపోకుండా నింపుకోవాలని!

సామాను పెట్టెలో వచ్చింది. మా మలికిపురం మెకానిక్ కుర్రాడు పంపు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది మన చేలో మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయరు మోటారే కదండీ అన్నయ్యగారూ" అన్నాడు.

చిన్నబుచ్చుకున్నాను గానీ వాడన్నది నిజమే. పన్నెండు వోల్టుల డయాఫ్రం పంపు. దీనికి ఒత్తిడి ఎక్కువ, లోపలి రబ్బరు మిథనాల్‌కి తట్టుకునే రకం, ధర మాత్రం ఆకాశంలో ఉంటుంది. డిక్కీలో ట్యాంకు, అక్కణ్ణుంచి సన్న గొట్టం, ఇంటర్‌కూలర్ దాటాక గాలి గొట్టానికి కన్నం, అందులో నాజిల్. టర్బో ఒత్తిడి ఓ హద్దు దాటగానే పంపు లేస్తుంది, మంచు లాంటి తుంపర గాలిలో కలుస్తుంది. ఆ తుంపర ఆవిరయ్యేటప్పుడు వేడిని లాక్కుంటుంది. కిలో పెట్రోలు ఆవిరి కావడానికి సుమారు 350 కిలోజౌళ్లు చాలు, మిథనాల్‌కి 1,100 కావాలి, నీటికి 2,260 దాకా. అసలు చల్లబరిచేది నీళ్లే. మిథనాల్ త్వరగా ఆవిరవుతుంది, తనూ మండుతుంది, నాకింగ్‌ని ఆపుతుంది. బీఎండబ్ల్యూ వాళ్లు 2015లో చూపించిన ఎం4 జీటీఎస్‌లో వట్టి నీళ్లే పెట్టారు, డిక్కీలో ఐదు లీటర్ల ట్యాంకుతో. వట్టి నీళ్లతో నేనూ ఆగొచ్చు. విమానం వంశం అన్నాను కదా, అందులో సగం మానేస్తే ఎలా?

ఇంజను విషయంలో మాత్రం అజాగ్రత్త నన్ను అంటలేదు. ద్రవం ఆగిపోతే వెంటనే టర్బో ఒత్తిడి తగ్గించే ఫ్లో సెన్సరు అదనపు ఖర్చుతో పెట్టించాను. అది వారం తిరక్కుండా పనికొచ్చింది. నేను పోసింది మంచినీళ్ల టిన్నులో వచ్చే నీళ్లు. మా సముద్రపు వారనున్న ఊళ్లలో బోరు ఉప్పగా ఉంటుంది, ఫిల్టరు చేసినా ఎంతో కొంత మిగులుతుంది. జుట్టంత సందున్న నాజిల్ మూసుకుపోయింది. సెన్సరు బలం కోసేసింది, ఇంజను క్షేమం. ఆ తర్వాత బ్యాటరీ వాటరే పోశాను. ట్యాంకుకి మట్టం చూపే దీపం, గొట్టం కలిసే ప్రతి చోటా రెండు క్లిప్పులు, నాజిల్ ముందు వడపోత. పిస్టనుకి చీమ కుట్టకుండా చూసుకున్నాను.

ఫలితం మాటకొస్తే, ఉంది. రాత్రి పూట దిండి దగ్గర హైవే ఖాళీగా దొరికినప్పుడు చించినాడ వంతెన ఎక్కుతూ తొక్కితే వీపు సీటుకి అతుక్కునేది. ఫోన్లో చూస్తే ఇంజన్లోకి వెళ్లే గాలి వేడి గభాల్న పడిపోయేది. ఆ సంతోషం వంతెన పొడుగంత. ఊళ్లో తిరిగితే టర్బో ఆ హద్దు దాటేదే కాదు, పంపు లేచేదే కాదు. డిక్కీలో ట్యాంకు బరువు మోసుకుంటూ చేపలకీ, బ్యాంకుకీ, అత్తారింటికీ తిరిగాను. ఈలోగా బంకుల్లో పోసే మామూలు పెట్రోల్లోనే 20 శాతం ఇథనాల్ కలిసింది, దాని ఆక్టేన్ 95కి చేరింది. ప్రభుత్వం నా ఇంజన్లోకి సారా ఉచితంగా పోస్తుంటే నేను ఇంకో సారాని విడిగా కొని మోస్తున్నాను.

కొనడం అంటే ఎలా కొన్నానో కూడా చెప్పేయాలి. మిథనాల్ విషం కింద లెక్క, అమ్మేవాడికి లైసెన్సు ఉండాలి, కొనేవాడు ఎందుకో చెప్పాలి. కొన్ని చలిదేశాల్లో కార్ల అద్దాలు కడిగే నీలం నీళ్లలోనే మిథనాల్ ఉంటుంది, దుకాణంలో తెచ్చి పోసుకుంటారు. గడ్డకట్టే చలి మనకెక్కడిది, ఆ నీళ్లెక్కడివి? తెలిసినవాడికి తెలిసినవాడి ద్వారా, బిల్లు లేకుండా, తెల్ల డబ్బాలో వచ్చింది. డబ్బా మీద ఒక్క అక్షరం లేదు. ఇంట్లో అడిగితే "కారు నీళ్లు" అన్నాను. వివరం చెబితే వద్దంటారని తెలుసు.

ఆ డబ్బాని డిక్కీలో పెట్టుకుని గోదావరి దాటే పంటు కూడా ఎక్కాను. అంతర్వేది తీర్థం రోజులు. నరసాపురం వైపు నుంచి జనం విరగబడి వస్తున్నారు. తిరుగు రేవులో పంటు మీద కార్లు, మోటారు సైకిళ్లు, గంపలు, పిల్లలు. నా కారు డిక్కీకి ఆనుకుని ఓ పెద్దాయన బీడీ వెలిగించాడు. మిథనాల్ 64.7 డిగ్రీలకే మరుగుతుంది. మామూలు ఎండకే ఆవిరి లేస్తుంది, ఆ ఆవిరి అంటుకోవడానికి నిప్పురవ్వ చాలు. దాని మంట పగటి వెలుతురులో కంటికి కనపడదు. 1981 ఇండియానాపొలిస్ రేసులో రిక్ మియర్స్ ముఖానికి మంట అంటుకుంటే, చుట్టూ ఉన్నవాళ్లకి మనిషి గింజుకోవడం కనిపించింది గానీ మంట కనిపించలేదు. ఇదంతా నాకు తెలుసు. పుస్తకం వల్లించినట్టు చెప్పగలను. 1995లో పాశర్లపూడి గ్యాసు బావి 65 రోజులు మండింది, నగరం అనే ఊళ్లో 2014లో గ్యాసు గొట్టం పేలి ఊరి నడుమే మనుషులు కాలిపోయారు. నిప్పు గురించి కోనసీమవాడికి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. అయినా వశిష్ఠ గోదావరి మధ్యలో ఆ పెద్దాయనతో "కాస్త అవతలికెళ్లి కాల్చుకోండి" అనడానికి మొహమాటపడ్డాను. ఎందుకని అడిగితే ఏం చెప్పను? గాలి మళ్లిందో, బీడీ ఆరిందో, రేవు చేరాం.

దానికీ బుద్ధి రాలేదు. ట్యాంకులో మాటిమాటికీ కలపడం విసుగనిపించి, పాళ్లు చూసి ముందే కలిపి, రెండు లీటర్ల కూల్ డ్రింకు సీసాల్లో పోసి సావిట్లో వరసగా పెట్టాను. నీళ్లలాగే ఉంటుంది. రంగు లేదు, చిక్కదనం లేదు.

కొబ్బరి దింపు రోజు. నేను వీధరుగు మీద ఫోన్ చూసుకుంటున్నాను. చెట్లు దిగి వచ్చినాయన దాహానికి సావిట్లోకి వెళ్లాడు. కాసేపటికి సీసా పట్టుకుని బయటికొచ్చాడు. మూత అప్పటికే తీసి ఉంది.

"బాబుగారూ, ఇది నీళ్లనుకున్నానండీ. స్పిరిట్ వాసనేస్తోంది. మందాండీ?"

మొహంలో కాస్త ఆశ కూడా ఉంది. అదే నన్ను ఇప్పటికీ వదలదు. వాసన చూసి వెనక్కి తగ్గలేదాయన. వాసన చూసి సంతోషపడ్డాడు.

"అది కారుది" అన్నాను. నోట్లోంచి అంతకంటే రాలేదు.

"ఆయ్, కారు కూడా తాగుద్దాండీ!" అని నవ్వి మూత బిగించి ఇచ్చాడు.

మిథనాల్ గుక్కెడు తాగినవాడికి మొదట మామూలు మత్తే ఉంటుంది. కాలేయం దాన్ని ఫార్మాల్డిహైడ్‌గా, ఆపైన ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. పూట గడిచాక, ఒక్కోసారి మర్నాటికి, కడుపు నొప్పి, వాంతులు, కళ్లకి మంచు కమ్మినట్టు కనపడటం. వైద్యులు చెప్పే లెక్కలో 10 మిల్లీలీటర్లు చూపు తీసేయొచ్చు, 30 మిల్లీలీటర్లు ప్రాణమే తీయొచ్చు. చెట్టు దిగినవాడు సీసా ఎత్తితే గటగటా తాగేది అంతకు ఎన్నో రెట్లు. తమిళనాడు కళ్లకురిచ్చిలో 2024 జూన్‌లో కల్తీ సారా తాగి అరవై మందికి పైగా పోయారు, అందులో ఉన్నది ఇదే. ఆ వార్త చదివినప్పుడు అయ్యో పాపం అనుకుని పేజీ తిప్పాను. అప్పటికే నా సావిట్లో సీసాలున్నాయి.

పిస్టనుకి సెన్సరు పెట్టాను. నాజిల్‌కి వడపోత పెట్టాను. సావిడికి తాళం పెట్టలేదు.

విప్పించేశాను. గాలి గొట్టానికి చేసిన కన్నంలో బిరడా బోల్టు బిగించాం, పాత లెక్కలు తిరిగి ఎక్కించాం. ఏప్రిల్ నీరసం కూడా దాంతోపాటే పోయింది. ఈ గొడవలో చట్టం ఊసే ఎత్తలేదు నేను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదంటుంది. సుప్రీంకోర్టు 2019లో అదే మాట గట్టిగా చెప్పింది. జరిమానా ఒక్కో మార్పుకి 5,000 రూపాయలు, లేదంటే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. బీమా కంపెనీకి చెప్పకుండా చేసిన పని కాబట్టి ప్రమాదంలో నా కారుకి ఏం జరిగినా వాళ్లు చేతులు దులుపుకునే వీలుండేది. ఇవన్నీ విప్పాక చదివాను, బిగించే ముందు మెసర్‌స్మిట్ గురించి చదివాను.

పంపుని మెకానిక్ కుర్రాడు అడిగి తీసుకున్నాడు, వాళ్ల నాన్నగారి స్ప్రేయరుకి. ద్రవమే మిగిలింది. కాలవలో పోస్తే చేపల చెరువుకి వెళ్తుంది, నేలలో పోస్తే బోర్లోకి. కెమిస్ట్రీ చెప్పే ఓ లెక్చరరు గారు తెలుసు, వెళ్లి బతిమాలాను. ఆయన కూల్ డ్రింకు సీసాలు చూసి చెయ్యి వెయ్యలేదు. గాజు సీసాల్లోకి మార్చి, ఏది ఎంత పాళ్లో చీటీ రాసి అంటిస్తేనే తీసుకుంటానన్నారు. స్కెచ్ పెన్నుతో రాశాను. "విషం అని రాయలేదేం?" అన్నారు. రాశాను. చదువు రానివాళ్ల కోసం పుర్రె బొమ్మ కూడా వెయ్యమన్నారు. నేను వేసింది చూసి, ఇది కొబ్బరికాయలా ఉందని కొట్టేసి, ఆయనే మళ్లీ వేసుకున్నారు.