ఎలక్ట్రానిక్ సిటీ ప్రార్థనా గీతం

బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీకి ప్రార్థనా గీతం కావాలంటే కొత్తగా ఎవరూ రాయనక్కర్లేదు. టొరంటో బ్యాండు ఒకటి 1980లోనే పాడేసింది. పాట పేరు ‘ఎకో బీచ్’. బ్యాండు పేరు ‘మార్తా అండ్ ద మఫిన్స్’, న్యూ వేవ్ బాపతు. రాసిన మార్క్ గేన్ అంతకుముందు వాల్‌పేపర్ ఫ్యాక్టరీలో అచ్చుతప్పులు పట్టేవాడు. అంటే టెస్టర్!

పువ్వు పక్కన పువ్వు సరిగ్గా పడిందో లేదో చూసి చూసి ఆయన మనసు సన్నీసైడ్ బీచ్ మీదికి పోయింది. అది సముద్రం కూడా కాదు, అంటారియో సరస్సు ఒడ్డు. పాటలో ఒక ఆఫీసు గుమస్తా పని విసుగెత్తి, ఎప్పటికైనా ఆ తీరానికి తిరిగి వెళ్తానన్న ఆశతో పొద్దు గడుపుతుంది. ఎలక్ట్రానిక్ సిటీలో ఏ తెలుగు కుర్రాడికీ ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు. శుక్రవారం మధ్యాహ్నం నుంచి అతని ఒక కన్ను బగ్‌ల మీద, రెండోది అనంతపురం బస్సు మీద.

బ్యాండు పుట్టింది 1977లో. ఆ మరుసటేడే కర్ణాటక ప్రభుత్వ సంస్థ కియోనిక్స్ కోనప్పన అగ్రహారం, దొడ్డతోగూరు గ్రామాల్లో 332 ఎకరాల్లో ఎలక్ట్రానిక్ సిటీకి నాంది పలికింది. బ్యాండు ముందు తయారైంది, దాని పాట పాడుకోవాల్సిన గుమస్తాలు తీరిగ్గా వచ్చారు.

సరస్సుల విషయంలో బెంగళూరు తీసిపోయిందేమీ కాదు. బెళ్ళందూరు చెరువు నురగలు కక్కింది, 2017లో మంటలూ రేపింది. దాని ఒడ్డున కూర్చుని విరహగీతం రాయాలంటే ముందు ఫైరింజను పిలవాలి.

పంక్ బ్యాండ్లు భీకరమైన పేర్లు పెట్టుకుంటున్న రోజుల్లో ఈ టొరంటోవాళ్ళు కావాలనే మెత్తగా ‘మఫిన్స్’ అన్నారు, అదీ తాత్కాలికంగా. తాత్కాలికం అన్నది ఎన్నేళ్ళు నడుస్తుందో ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకు తెలుసు. పైగా బ్యాండులో మార్తాలు ఇద్దరు: మార్తా జాన్సన్, మార్తా లాడ్లీ. ఒకే టీములో ఇద్దరు శ్రీనివాసులుంటే ఈమెయిళ్ళు ఎటు పోతాయో వేరే చెప్పాలా!

పాట బ్రిటన్‌లో 10వ స్థానానికి ఎక్కింది, కెనడాలో జూనో అవార్డు తెచ్చింది. తర్వాత రెండో మార్తా వెళ్ళిపోయింది. 1981 ఆల్బం ‘దిస్ ఈజ్ ది ఐస్ ఏజ్’కి పనిచేసిన డేనియల్ లాన్వా ఆనక యూ2 బ్యాండు ‘జాషువా ట్రీ’ ఆల్బం దాకా ఎదిగాడు. బ్యాండు ‘ఎం ప్లస్ ఎం’ అని పేరు కుదించుకుని 1984లో ‘బ్లాక్ స్టేషన్స్ వైట్ స్టేషన్స్’ పాడింది. ఏం చేసినా జనం నోట నిలిచింది మాత్రం ఆ గుమస్తా పాటే.

ఈ బెంగ పాట మనకూ ఉంది. హైదరాబాద్ ‘చౌరస్తా’ బ్యాండు ‘ఊరెళ్ళిపోతా మామా’ అని ఎప్పుడో పాడింది. కానీ మన దగ్గర గొంతు బాగుంటే సినిమా ఊరుకోదు. ఆ పాట పాడిన రామ్ మిరియాల 2021లో ‘జాతిరత్నాలు’కి ‘చిట్టి’ పాడాడు, మరుసటేడు ‘డీజే టిల్లు’ టైటిల్ పాటకు బాణీ కట్టాడు.

టొరంటోవాళ్ళు 2011లో సరస్సు ఒడ్డున ఆరుబయట కచేరీ వేదిక తెరిచి దానికి ‘ఎకో బీచ్’ అనే పేరు పెట్టుకున్నారు. బెంగళూరులో 2025 ఆగస్టులో ఆర్వీ రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా ఎల్లో లైన్ మెట్రో వచ్చింది. సిల్క్ బోర్డు కూడలి దగ్గర హారన్ కొడుతూ తగలేసిన కాలం కొంత చేతికొచ్చింది కాబట్టి, టెస్టర్లూ, ఎవరైనా ఒక పాట కట్టండి. బగ్‌లు తర్వాత చూసుకోవచ్చు.