శిక్షకు ముహూర్తము

తప్పు చేసిన విద్యార్థిని శిక్షించుటకు నిబంధనల పుస్తకము చాలునని నమ్మువారు మన విశ్వవిద్యాలయములలోని క్రీడావిభాగముల గడప తొక్కి యెరుగరు. అక్కడ ముందుగా తెరవవలసినది పోటీల పట్టిక. అంతర్విశ్వవిద్యాలయ పోటీలు ఏ తేదీన ఆరంభమగునో, మన జట్టు ఏ తేదీ వరకు నిలుచునో, నేరము మోపబడిన కుర్రవాడు జట్టులో ఎన్నవవాడో తేలిన పిమ్మట గాని, వాడు చేసినది అపరాధమో ప్రాయపు చాపల్యమో తేలదు. పెండ్లికి మూఢము చూచినట్లే శిక్షకును మూఢము చూడవలెననియు, ఆ మూఢము సరిగా ఆటల కాలముననే ప్రవేశించి కప్పు ఇంటికి వచ్చిన మరునాడు విడిచిపోవుననియు కనిపెట్టిన మహానుభావులకు గౌరవ డాక్టరేటు ఈయవలెను. ఇచ్చు అధికారము వారి చేతిలోనే యున్నది గనుక ఆలస్యమగునను భయము లేదు.

ఈ శాస్త్రము మన గడ్డ మీదనే పుట్టినదని గర్వించుటకు మాత్రము వీలులేదు. అమెరికాలో, ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయమున, జేమిస్ విన్‌స్టన్ అను ఫుట్‌బాల్ వీరుడుండెను. 2013లో ఆ దేశపు కళాశాలల ఆటగాండ్రలో శ్రేష్ఠునికిచ్చు హైస్‌మన్ బహుమతి పొందినవాడు. అతడు 2014 ఏప్రిల్‌లో అంగడి నుండి ఎండ్రకాయల కాళ్లను వెల చెల్లింపకయే పట్టుకొనిపోగా ఇరువది గంటల సమాజసేవతో ఆ పాపము తీరినది. ఆ సెప్టెంబరుననే విశ్వవిద్యాలయ ఆవరణమున బల్లనెక్కి, ఆడువారు చెవులు మూసుకొనవలసిన మాటలను కేకలు వేయగా, అధికారులు ఉగ్రులై, క్లెమ్సన్ జట్టుతో జరుగనున్న ఆటలో మొదటి సగము ఆడరాదని శాసించిరి! లోకము నవ్విన పిమ్మట, రెండు మూడు దినములలో ఆ సగమును నిండు ఆటగా మార్చిరి. ఆటనాడు ఆ శిక్షితుడు నిండు వేషముతో మైదానమునకు వచ్చి సన్నాహములు చేయుచుండగా, కోచ్ చూచి, బట్టలు మార్చుకొని రమ్మని లోపలికి పంపవలసి వచ్చెను. అంతకు ముందటి యేడు టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయపు జానీ మాన్‌జెల్‌కు, చేవ్రాళ్ల వ్యవహారమొకటి రచ్చకెక్కినప్పుడు, ఇట్టి అర్ధశిక్షయే పడినది. రెండవ సగమున దిగి మూడు టచ్‌డౌన్‌లు విసరి, పశ్చాత్తాపమన నెట్లుండునో లోకమునకు చూపెను.

సి.బెళగల్ ఊరి రచ్చకట్ట మీద ఈ కథ చెప్పగా, బీడీ ఆర్పి శ్రద్ధగా విన్న పెద్దాయన యొకడు అడిగిన ప్రశ్నకు నావద్ద సమాధానము లేకపోయినది. "తిట్టింది నోరైతే, కూసోబెట్టింది కాళ్లనా సారూ? అదీ సగం పొద్దేనా?"

అమెరికా వారి ఆటలో కోట్ల డాలర్లున్నవి గనుక వారి లోభమునకు ఒక అర్థమున్నది. మనకున్నదేమి? పై బెర్తు దొరకినచో భాగ్యమనుకొను ప్రయాణములు, చాలీచాలని దినబత్తెము, వీపు మీద విశ్వవిద్యాలయపు పేరున్న ట్రాక్‌సూటు, 1956-57 నుండి ఆటలలో మొత్తము మీద మేటియైన విశ్వవిద్యాలయమునకు ఇచ్చుచున్న మౌలానా అబుల్ కలాం ఆజాద్ ట్రోఫీ. ఇంత కొంచెపు సిరికే మనవారు అంత పెద్ద శాస్త్రమును వంట బట్టించుకొనిరనగా, మేధాశక్తిలో మనమే మిన్నయని ఒప్పుకొనక తప్పదు.

వసతిగృహమున ఒక రాత్రి కొట్లాట జరిగినదనుకొందము. కొట్టినవారిరువురు: ఒకడు కబడ్డీ జట్టున ప్రధాన రైడరు, రెండవవాడు పన్నెండవ ఆటగాడు, అనగా ఏడుగురు ఆడుచుండగా గట్టున కూర్చుండి నీళ్ల సీసాలు అందించువాడు. పన్నెండవవానిని సస్పెండు చేసిన నోటీసు మరునాడు పది గంటలకెల్ల, నాలుగు మూలల జిగురు ఆరకమునుపే, బోర్డు మీద వెలయును. క్రమశిక్షణ విషయమున ఉపేక్ష లేదని ప్రిన్సిపాలుగారు సెలవిత్తురు. రైడరు సంగతి గంభీరమైనది గనుక ముగ్గురు సభ్యుల సంఘము వేయవలెను. తొలి సమావేశమునకు కోరము చాలదు. మలి సమావేశమునకు అధ్యక్షులు రారు. ఏలయనగా వారే జట్టు మేనేజరుగా నియమింపబడి రైలెక్కినారు. విచారణాధికారి కింది బెర్తున, నిందితుడు పై బెర్తున శయనించి, ఒకే పొట్లములోని పులిహోర పంచుకొని తినుచు గుంతకల్లు దాటిపోవుదురు. కప్పుతో తిరిగి వచ్చిన నాడు రైడరునకు శాలువ. సంఘపు నివేదికకు కాలదోషము. ఇక రైడరు ఓడి వచ్చెనా, ఆ సాయంకాలమే వాని దుష్ప్రవర్తన నిస్సంశయముగ రుజువగును!

సి.బెళగల్ మండలపు పిల్లలకు మరియొక విధమైన న్యాయము వేచియుండును. వర్షము మొగము చాటు చేసినప్పుడు ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల పల్లెలనుండి కుటుంబములకు కుటుంబములు సుగ్గికని, అనగా వలసకూలికని, మూటలు కట్టుకొని, గుంటూరు సీమ మిరప చేలకు లారీలెక్కునన్నది ఏటేటి ముచ్చట. ఖోఖోలో మెరుపువలె పరుగెత్తు పిల్ల యొకతె అమ్మతో పోయి నెల దినములు కాయలు కోసి వచ్చునేని, నూటికి డెబ్బదియైదు హాజరను నిబంధన గోడవలె నిలుచును. అరువదియైదు వరకు క్షమింపవచ్చును గాని, క్షమకు వైద్యుని సర్టిఫికెటును కండోనేషన్ రుసుమును కావలెను. జ్వరము గౌరవనీయము, కూలి కాదు. ఆటలకు పోయిన దినములనైన హాజరుగా లెక్కింపుడని అడిగినచో, పి.డి. సారు సంతకము చేసిన కాగితము ఆఫీసుకు చేరలేదందురు. సారేమో ఇంతకు ముందు చెప్పిన విచారణలో నిమగ్నులై యున్నారు.

ఊహలెందుకు, విశాఖపట్టణపు జ్యోతి యర్రాజి కథ లేదా! 2020 జనవరిలో మూడబిదిరెలో జరిగిన అఖిలభారత అంతర్విశ్వవిద్యాలయ పోటీలలో, ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయము పక్షమున నూరు మీటర్ల హర్డిల్స్‌ను 13.03 సెకండ్లలో దాటి, 2002 నాటి అనురాధా బిస్వాల్ రికార్డు 13.38ని అవతలకు నెట్టినది. రికార్డు మాత్రము లెక్కకు రాలేదు. మాదకద్రవ్య పరీక్ష జరుపుటకు ‘నాడా’ వారక్కడ లేరు, జాతీయ అథ్లెటిక్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధియు లేడు. రాకపోయినది పెద్దలు, పోగొట్టుకొన్నది పిల్ల! 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో 13.09లో పరుగెత్తగా ఈసారి గాలి పట్టుకొన్నది, సెకనుకు 2.0 మీటర్లు దాటరాని గాలి 2.1 వీచెనట. కడకు ఆ మే నెలలో సైప్రస్‌లో పరుగెత్తిన 13.23 జాతీయ రికార్డయ్యెను. తాను రెండేండ్ల క్రిందట పరుగెత్తినదానికన్న మందముగా పరుగెత్తి రికార్డు సాధించుట అందరికి అబ్బు అదృష్టము కాదు.

2025లో జర్మనీలోని రైన్-రూర్ ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలకు పోయిన బ్యాడ్మింటన్ జట్టున పండ్రెండుగురుండగా, మన అధికారులు పేర్లు సరిగా ఈయనందున ఆరుగురికే ఆడు భాగ్యము కలిగినది. కాగితము నింపరానివారి తప్పునకు బ్యాటు పట్టవచ్చినవారు బెంచీ మీద కూర్చుండిరి. పిమ్మట విచారణయు జరిగెను. గడచిన ఆటను విచారణ తిరిగి ఆడించునా?

ఇన్ని జరిగినను, చదువు ముగించియో చాలించియో వెడలు నాడు మన విశ్వవిద్యాలయముల సమదృష్టి వెల్లడియగును. శాలువ కప్పించుకొన్న రైడరునకు, నోటీసుబోర్డున వ్రేలాడిన పన్నెండవవానికి, హాజరు చాలక నిలిచిపోయిన ఖోఖో పిల్లకు, టి.సి.లో ప్రవర్తన అను గడిలో ఒకే ఊదారంగు ముద్ర, ఒకే మాట: సంతృప్తికరము. ఆ పిల్ల ఆ కాగితమును మడచి సంచిలో పెట్టుకొనబోవుచుండగా గుమాస్తా చేయి అడ్డము పెట్టి, బాకీలు లేవను పత్రముపై క్రీడావిభాగపు సంతకము లేదని వ్రేలు చూపును.

"అన్నీ సరే గాని పాపా, ట్రాక్‌సూటు ఉతికి తెస్తివా లేదా?"