ఎస్సెస్డీ డబ్బా మీది ఒక పంక్తికి టీకా తాత్పర్యం

మూలం: రీడ్ స్పీడ్ సెకనుకు 7,000 ఎంబీ వరకు.

ప్రతిపదార్థం: రీడ్ స్పీడ్ = ఒకే పెద్ద ఫైలును మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా చదువుకుపోయే వేగము; సెకనుకు = ఒక్క సెకనులో; 7,000 ఎంబీ = దాదాపు ఒకటిన్నర డీవీడీల సరుకు; వరకు = అంతకు మించదని మాత్రమే, అంత వచ్చితీరునని కాదు.

వ్యాఖ్య: ఈ పంక్తిలో అతిశయోక్తి పట్టుకోబోయిన ఆలంకారికుడికి నిరాశే. అంకె నిజమైనదే కనుక ఇది నిక్షేపమైన స్వభావోక్తి. చిక్కు మీమాంసలో ఉంది. విధివాక్యం ఏం చెయ్యాలో చెబుతుంది. అర్థవాదం ఆ పని మీద మనసు పుట్టేలా పొగుడుతుంది. డబ్బా మీది అంకె అర్థవాదం. దాన్ని విధిగా పట్టుకుని పర్సు తీయడమే కొనేవారు చేసే అన్వయదోషం. ఎందుకంటే విండోస్ లేచేటప్పుడూ, బ్రౌజర్ తెరుచుకునేటప్పుడూ కంప్యూటరు పెద్ద ఫైలును వరుసగా చదవదు. ఎక్కడెక్కడో చెదిరి ఉన్న 4 కేబీ ముక్కలను వేలకొద్దీ ఏరుకుంటుంది, అదీ చాలావరకు ఒకటి అందాకే ఇంకొకటి అడుగుతూ. ఈ రాండమ్ రీడ్ లెక్క శామ్‌సంగ్ స్పెసిఫికేషన్ పట్టికల్లోనే దొరుకుతుంది. సాటా రకం 870 ఈవో వరుస చదువు సెకనుకు 560 ఎంబీ, ఎన్‌వీఎంఈ రకం 980 ప్రోది 7,000: పన్నెండున్నర రెట్లు. చిన్న ముక్కలు ఒక్కొక్కటిగా అడిగితే మొదటిది సెకనుకు 13,000, రెండోది 22,000 అందిస్తాయి: రెట్టింపు కూడా కాదు. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే హార్డ్ డిస్కుకు సగం చుట్టుకే 4 మిల్లీసెకన్లు దాటుతుంది, హెడ్డు జరిగే సమయం దాని పైన; కనుక సెకనుకు ఇంచుమించు నూరు ముక్కలే దాని శక్తి. హార్డ్ డిస్కు వదిలి ఏ మంచి ఎస్సెస్డీకి మారినా లాభం నూరు రెట్ల పైమాట. ఆపైన వేగం కోసం ఎంత పోసినా మిగిలేది ఆ రెట్టింపులోపు బేరమే.

ఇక రాత సంగతి, డబ్బా మరీ మౌనం వహించే చోటు. ఒక్కో సెల్లులో నాలుగు బిట్లు కుక్కే క్యూఎల్‌సీ చిప్పులు నెమ్మదిగా రాస్తాయి కనుక, కొంత చోటును సెల్లుకు ఒక్క బిట్ చొప్పున వాడి క్యాష్ చేస్తారు. శామ్‌సంగ్ వారిదే అలాంటి 1 టీబీ 870 క్యూవోలో అది 42 జీబీ దాకా. అంతవరకు రాత వేగం సెకనుకు 530 ఎంబీ, నిండాక 80. వంద జీబీ కాపీ చేస్తే మొదటి 42 నిమిషంన్నరలోపే ఎక్కేస్తాయి, మిగతా 58కి పన్నెండు నిమిషాలు. హార్డ్ డిస్కే నయమనిపించే ఘట్టమిది. మన్నిక మాటకొస్తే భయం అనవసరం: 1 టీబీ ఈవోకు 5 ఏళ్లకు 600 టీబీ రాతల వారంటీ, క్యూవోకు 3 ఏళ్లకు 360. ఏడాదికి పంచితే రెండూ 120 టీబీయే, అంటే రోజుకు 300 జీబీ పైన. ఇంట్లో వాడేవాళ్లు ఆ ఛాయలకైనా పోరు.

ఆక్షేపం: వీడియో ఎడిటింగ్ చేసేవారికి 7,000 అక్కరలేదా? సమాధానం: అక్కరే, పెద్ద ఫైళ్లే వారి వృత్తి. అయితే కాపీ అనేది ఇద్దరి పని. అవతల ఉన్నది పెన్ డ్రైవైతే ఇవతలి వేగం వృథా. ఆక్షేపం: రెండింటి ధరా ఒకటే అయితే? సమాధానం: వేగమైనదే తీసుకోవాలి, ఉచితంగా వచ్చే అర్థవాదాన్ని కాదనడానికి కారణం లేదు. కాకపోతే ముందు స్లాటు చూసుకోవాలి. పాత ల్యాప్‌టాప్‌లోని మూడో తరం పీసీఐఈ స్లాటులో 7,000 కాస్తా 3,500 దగ్గర ఆగుతుంది.

తాత్పర్యం: ముందు కావలసినంత చోటు, తరువాత క్యూఎల్‌సీ కాక సెల్లుకు మూడు బిట్లే ఉండే టీఎల్‌సీ, ఆ తరువాత వారంటీ ఏళ్లు, అన్నిటికన్నా చివర డబ్బా మీది అంకె. ఒకే ధరకు 500 జీబీ చురుకైనదీ 1 టీబీ నిదానమైనదీ ఎదురైతే రెండోదే గ్రాహ్యం. చాలా డ్రైవుల్లో క్యాష్‌కు దొరికేది ఖాళీగా ఉన్న చోటే. ఇరుకు డ్రైవు నిండేకొద్దీ అది కుంచించుకుపోయి, డబ్బు పోసి కొన్న వేగమే ముందు కరిగిపోతుంది.