ఫౌండేషన్ రబ్బర్లు

1930 నాటి ఫోర్డ్ మోడల్ ఏ కారు కొని ఇంటికి తెచ్చిన రోజున మా ఆవిడ ఒకటే అడిగింది: "అమ్మినాయన తాళాలిస్తూ నవ్వాడా?" నవ్వాడు. చాలాసేపు నవ్వాడు. నేనది మంచితనం అనుకున్నాను.

మేముండేది మిషిగన్‌లో, నోవై అనే ఊళ్ళో. ఫోర్డు కంపెనీ కాపురముండే డియర్‌బార్న్ మాకు అరగంట దారి. దాదాపు 48 లక్షల మోడల్ ఏ కార్లు తయారయ్యాయంటే ఆ రోజుల్లో జనం ఎగబడి కొన్నట్టే. వాళ్ళందరివీ గట్టి పళ్ళయి ఉండాలి. మాది స్టార్టు చెయ్యగానే అద్దంలో వెనకున్న ఒక్క కారూ మూడు కార్లయ్యేది. మడ్‌గార్డు మీద పెట్టిన స్టీలు గ్లాసు కాఫీతో సహా నడుచుకుంటూ వెళ్ళి కిందికి దూకేసింది. మా ఆవిడ ఒక్క చుట్టు తిరిగొచ్చి, "ఇంట్లో వెట్ గ్రైండరెక్కి కూర్చున్నా ఇదే సుఖం. పైగా పిండన్నా నలుగుతుంది" అంది.

తప్పంతా ఆ 3.3 లీటర్ల, నాలుగు సిలిండర్ల ఇంజనుది. రెండు పిస్టన్లు దిగుతుంటే రెండు ఎక్కుతాయి గనక లెక్క సరిపోవాలి. సరిపోదు. కనెక్టింగ్ రాడ్డు ఏటవాలుగా ఊగడం వల్ల, పైనుంచి దిగేవి అంతే సమయంలో కిందనుంచి ఎక్కేవాటికన్నా ఎక్కువ దూరం పోతాయి. ఆ తేడా క్రాంకు ఒక్కసారి తిరిగేలోపు రెండుసార్లు ఇంజన్ని కుదిపేస్తుంది. పైగా ఫోర్డువాళ్ళు ఆ ఇంజన్ని ముందువైపు ఓ స్ప్రింగు మీద ఆనించి, వెనక రెండు పక్కలా చాసీకి ఇనుముకి ఇనుము పెట్టి బోల్టులు బిగించేశారు. ఇంజనుకి చలేస్తే కారంతా వణకాల్సిందే.

దీనికి మందు 1931లో ఇరుగింటివాళ్ళే కనిపెట్టారు. క్రైస్లర్ కంపెనీ తన ప్లిమత్ కారులో ఇంజన్ని రెండే చోట్ల, ముందు ఎత్తున ఒకటి, వెనక దిగువన ఒకటి, రబ్బరు మీద కూర్చోబెట్టింది. ఆ రెంటినీ కలిపే గీత ఇంజను గరిమనాభి గుండా పోతుంది. అందుకని ఇంజను తన ఊపు తను ఊగుతుంది, మన దవడల జోలికి రాదు. దానికి 'ఫ్లోటింగ్ పవర్' అని పేరు పెట్టారు. ఫ్రాన్సులో సిట్రోయెన్ ఆ హక్కులు తెచ్చుకుని కార్ల ముందు హంస బొమ్మ తగిలించింది. వాల్టర్ క్రైస్లర్ ఆ ప్లిమత్ ఒకటి స్వయంగా తోలుకెళ్ళి హెన్రీ ఫోర్డుకి చూపించి, కారు అక్కడే ఇచ్చేసి టాక్సీలో తిరిగొచ్చాడని చెబుతారు. ఇంత మర్యాదగా దెప్పిపొడిచే మనిషిని మా బంధువుల్లో కూడా చూడలేదు, మా బంధువులేమీ తక్కువవాళ్ళు కారు.

ఆ వేసవిలో మామయ్యగారొచ్చారు. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు లారీలు బాగుచేసిన మనిషి. కోసిన పచ్చగడ్డి తప్ప మరేమీ కనపడని మా వీధిలో ఆయనకి నా కారు దేవుడు పంపిన పేషెంటు. లుంగీ ఎగ్గట్టి కిందికి దూరారు.

"అల్లుడుగారూ, ఫౌండేషన్ రబ్బర్లేవండీ?"

"లేవు మామయ్యగారూ."

"అరిగిపోయాయా?"

"అసలు పెట్టనేలేదు."

కాసేపు కారు కిందనుంచి మాట రాలేదు. "పులిహోర కలిపి తాలింపు మర్చిపోయాడండీ ఈ ఫోర్డుగారు."

రబ్బరు సంగతి నేను చూస్తానన్నాను. మిషిగన్‌లో ఐస్ హాకీ పిచ్చి. ఆ ఆటబిళ్ళ మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం, నల్లటి రబ్బరు. అరడజను కొని, రెంటికి నడిమధ్య చిల్లులు పొడిచి బిగించాం. కారు ఎప్పటిలాగే వణికింది. మామయ్యగారు మిగిలినవాటిలో ఒకదాన్ని గోటితో నొక్కి చూశారు. "ఇది రబ్బరు కాదండీ. రబ్బరు వేషం కట్టిన రాయి."

సరే, మెత్తనిదే కావాలిగా! జిమ్ముల్లో పరిచే చాప కోసి మూడు పొరలు వేశాను. ఇంజను వేలెడు పైకి లేచింది, చేత్తో తిప్పే హ్యాండిల్ దాని కన్నంలో దూరనంది. పోతే పోయిందని స్టార్టు చేశాను. ఆహా! అద్దంలో ఒక్క కారే. గ్లాసు పెట్టినచోటే ఉంది. గర్వంతో క్లచ్చి వదిలాను. బురదలోంచి గేదె లేచినట్టు ఇంజను ఒక పక్కకి లేచి, కూలబడి, మళ్ళీ లేచింది. భయపడి బ్రేకు తొక్కితే ముందుకు వంగింది, ఫ్యాను రేడియేటర్ని కర్రుమని గీకింది. నేను బ్రేకుని తొక్కానో బ్రేకే నన్ను తన్నిందో ఇప్పటికీ తేల్లేదు.

ఈ కారుది ఉమ్మడి కుటుంబమని అప్పుడు తెలిసింది. వెనక చక్రాల తోపు టార్క్ ట్యూబులోంచి గేరుబాక్సుకి తగిలి, ఆ మౌంట్ల మీదుగానే చాసీకి చేరుతుంది. ముందు ఇరుసుని నిలిపే రేడియస్ రాడ్డు క్లచ్ హౌసింగు అడుగున ఆనుకుని బతుకుతుంది. పెడళ్ళు ఉండేదీ ఆ కొంపలోనే. ఇంటిపెద్ద పరుపు మీద పడుకున్నాడో లేదో, ఆయన్ని పట్టుకుని వేలాడే వాళ్ళందరి కాళ్ళూ నేల విడిచాయి. "మా లారీలకి టైరు ముక్క కోసి పెట్టేవాళ్ళమండీ. మరీ రాయీ కాదు, మరీ ఇడ్లీ కాదు," అన్నారు మామయ్యగారు, కళ్ళు తుడుచుకుంటూ. నవ్వి నవ్వి కన్నీళ్ళొచ్చాయి ఆయనకి.

చివరికి ఈ కారు కోసమే అమ్మే రబ్బరు మౌంట్లు తెప్పించాం. అవి పెట్టాక సెల్ఫ్ మూలిగింది. రబ్బరుకి తోడు ముందువైపు నేను ముచ్చటపడి దట్టంగా వేసిన కొత్త పెయింటు, కరెంటుకి చాసీ దారి మూసేసింది. ఉన్నదే ఆరు వోల్టులు! ఇంజన్నుంచి చాసీకి లావుపాటి ఎర్త్ పట్టీ వేస్తే గాని మాట వినలేదు. పాత కార్ల క్లబ్బు పెద్దమనిషొకాయన వంగి చూసి, ఒరిజినల్ కాదు, పోటీకి తెస్తే మార్కులు కోస్తామన్నాడు. నేను తర్జుమా చేసి చెప్పాను. "పోటీ తర్వాత చూద్దామండీ. ముందు కూరగాయల కొట్టుదాకా పోయొస్తుందేమో కనుక్కోండి" అన్నారు మామయ్యగారు.

పోయొచ్చింది. మా ఆవిడ పక్కన కూర్చుని వంకాయలు కూడా ఏరి తెచ్చింది. వణుకు తగ్గడంతో, ఇన్నాళ్ళూ దాని చాటున దాక్కున్న తలుపుల మోత, అద్దాల గలగల, కింద చెక్కల కిర్రు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఒక్కో మోతకి ఒక్కో రబ్బరు చొప్పున మామయ్యగారు జాబితా రాస్తున్నారు.

మిగిలిన హాకీ బిళ్ళలు నాలుగూ కనపడలేదు. మర్నాడు పొద్దున గ్రైండరు తిరుగుతుంటే వంటింట్లోకి తొంగి చూశాను. ఏళ్ళ తరబడి గట్టు మీద ఆ చివరినుంచి ఈ చివరికి పాకే ఆ యంత్రం బుద్ధిగా ఒకేచోట నిలబడి మినప్పప్పు రుబ్బుతోంది.

"ఫౌండేషన్ రబ్బర్లండీ," అంది మా ఆవిడ, అట్లకాడతో కాళ్ళ కిందికి చూపిస్తూ.