కావలసిన రంగు రప్పించడం ఎలా? రొయ్యల ల్యాబ్ కుర్రాళ్లకు పది చిట్కాలు

బీఎస్సీ మైక్రోబయాలజీ గట్టెక్కారు. భీమవరంలోనో ఆకివీడులోనో మందుల షాపు వెనకగదిలో నడిచే ఆక్వా ల్యాబ్‌లో కుదిరారు. పొద్దున్నే రైతు ప్లాస్టిక్ కవర్లో నీరసపడిన రొయ్యలు తెచ్చి, "ఏం పురుగు పట్టిందో చూడు బాబూ" అంటాడు. బాక్టీరియాకు రంగువేసి చూసే గ్రామ్ స్టెయిన్ చేయాలి. పద్ధతిగా చేస్తే రంగుల పని నాలుగైదు నిమిషాలు. అంతసేపు నిలబడే ఓపిక మీకు లేదని తెలుసు. అందుకే ఇవి రాస్తున్నాం.

1. ముందు షాపు అలమర చూడండి. ఏ మందు ఎక్కువ నిలవ ఉందో, ఏది గడువు దాటబోతోందో తెలుసుకోండి. రిపోర్టు దాన్నిబట్టి ఇప్పుడే రాసేయండి. స్లైడు తరవాత. ఊదా రంగొస్తే గ్రామ్ పాజిటివ్, గులాబీ వస్తే గ్రామ్ నెగటివ్. రైతుకు రెండూ ఒకటే, మీకు రెండూ చేతిలో పనే.

2. పాత ప్లేటు వాడండి. రోజు లోపు పెరిగిన తాజా కల్చరే తీసుకోవాలని పుస్తకాలంటాయి. ముసలి బాక్టీరియా గోడ పాడై, ఊదాగా ఉండాల్సింది కూడా గులాబీగా కనిపిస్తుంది. పోయిన వారం ప్లేటు పారేయకుండా దాచారంటే సగం పని అయినట్టే.

3. స్లైడు మీద ముద్దగా పులమండి. ఆత్రేయపురం పూతరేకంత పల్చగా పూయమని మేస్టారు చెప్పే ఉంటారు. మందంగా పూస్తే ఊదా రంగు లోపలే చిక్కుకుని కడిగినా పోదు. గులాబీగా రావాల్సిందీ ఊదాగానే ఉంటుంది. ఊదా రిపోర్టు కావలసిన రోజు ఇదే దగ్గరి దారి.

4. మంట మీద చూపించకండి. స్లైడును రెండు మూడు సార్లు దీపం మీదుగా తిప్పితే బాక్టీరియా గాజుకు అతుక్కుంటుంది. తిప్పకపోతే కుళాయి కింద శుభ్రంగా కొట్టుకుపోతుంది. అప్పుడు "బాక్టీరియా లేదు" అని రాయడం అబద్ధం కూడా కాదు. స్పిరిట్ ఖర్చు మిగిల్చారని ఓనరు మెచ్చుకుంటాడు.

5. అయొడిన్ మానేయండి. క్రిస్టల్ వైలెట్ నిమిషం, అయొడిన్ నిమిషం ఉంచాలి. అయొడిన్ ఆ రంగుతో కలిసి పెద్ద ముద్దగా మారి, మందపాటి గోడలో ఇరుక్కుంటుంది. అది లేకపోతే రంగంతా పోతుంది, చివరికి అన్నీ గులాబీ. సీసా కొనలేదని చెప్పకండి, "సింపుల్ మెథడ్" అనండి.

6. ఆల్కహాల్ పోసి టీకి వెళ్లండి. దాంతో కడగాల్సింది కొన్ని సెకన్లే. మీరు పకోడీ కూడా తిని రండి. వచ్చేసరికి ఊదా అన్నది మిగలదు. ఎవరైనా అడిగితే "కరెంటు పోయిందండి" అనండి. ఆల్కహాల్‌కీ కరెంటుకీ సంబంధమేమిటని ఎవరూ అడగరు.

7. సఫ్రానిన్ అసలే వద్దు. గులాబీ రంగునిచ్చేది అదే. రొయ్యల్ని చంపే విబ్రియో గ్రామ్ నెగటివ్. సఫ్రానిన్ లేకపోతే అది రంగు లేకుండా ఉండిపోతుంది, కంటికి ఆనదు. చెరువు ఆరోగ్యంగా ఉన్నట్టే! నిలదీస్తే చరిత్ర చెప్పండి: 1884లో ఈ పద్ధతి ప్రకటించిన డెన్మార్క్ డాక్టరు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ సఫ్రానిన్ వాడలేదు, తరవాతివాళ్లు చేర్చారు. పైగా తన పద్ధతిలో లోపాలున్నాయని ఆయనే రాసుకున్నాడు. ఆయనకే లేని పట్టింపు మీకెందుకు?

8. సరిచూసుకోకండి. తెలిసిన బాక్టీరియాను పక్కన పెట్టి రంగేస్తే సీసాలు పనిచేస్తున్నాయో లేదో తేలిపోతుంది. పెరుగులోని లాక్టోబాసిల్లస్ ఊదాగా రావాలి. రాకపోతే కొత్త సీసాలు కొనాలి, ఓనరుతో మాట పడాలి. ఆ పెరుగేదో మధ్యాహ్నం అన్నంలో కలుపుకోండి.

9. కొబ్బరినూనె వాడండి. 100 రెట్ల లెన్సుకి ఇమ్మర్షన్ ఆయిల్ కావాలి. దాని వక్రీభవన గుణకం సుమారు 1.515, గాజుతో సమానం. కొబ్బరినూనెది 1.45 దగ్గర. కోనసీమ పక్కనే ఉండగా ఆ కాస్త తేడాకి డబ్బు తగలేస్తామా? బొమ్మ మసగ్గా వస్తుంది, గుండ్రటిదీ కడ్డీలాంటిదీ కామాలా వంగిందీ అన్నీ ఒకేలా ఉంటాయి. ఏది రాసినా కాదనేవాడుండడు. "వైట్ స్పాట్ ఉందా?" అని రైతు అడిగితే లెన్సులోంచి చూసి "లేదండి" అనండి. అది వైరస్ అనీ, ఈ మైక్రోస్కోపుకి కనపడదనీ, పీసీఆర్ చేయించాలనీ చెబితే పక్క ల్యాబ్‌కి పోతాడు.

10. మందు రాసేటప్పుడు మనూరి పేరు వాడుకోండి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా మందుల కంపెనీ లెడర్లీలో పరిశోధనలకు పెద్దగా ఉండగా 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ బయటికొచ్చింది. అది గ్రామ్ పాజిటివ్ మీదా నెగటివ్ మీదా పనిచేసింది. "అలాంటి మందులుండగా రంగు చూడటమెందుకండీ?" అని, అలమరలో ఉన్నదాన్ని బస్తాల లెక్కన అంటగట్టండి. రొయ్యల్లో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటి యాంటీబయాటిక్‌లు నిషిద్ధమే. అవశేషాలు దొరికితే కంటెయినరు ఐరోపా నుంచి వెనక్కొస్తుంది. రానివ్వండి, రేవుకి మీరు వెళ్లక్కర్లేదు.

ఇన్ని చేశాక చెరువు పోవడం ఖాయం. సాకులు వరసగా పెట్టుకోండి: సీడు మంచిది కాదు, మబ్బు పట్టింది, ఏరియేటర్లు ఆగాయి, పక్క చెరువు నీళ్లు కలిశాయి, కాకులు రోగం తెచ్చాయి. రోజుకొకటి చెప్పండి, ఒకేరోజు అన్నీ చెబితే అనుమానం వస్తుంది. రైతు అప్పు చేసి, చెరువు ఎండగట్టి, మళ్లీ సీడు వదులుతాడు. ఈసారి భయం ఎక్కువ కాబట్టి టెస్టులూ ఎక్కువే చేయిస్తాడు. రేటు పెంచండి.