నావకాలి పద్యత్రయం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

పడవ లోపల, వెనుక గోడకు ఆనుకొని కారు ఇంజిను వంటి ఇంజిను ఒకటి, ఆ గోడకు వెలుపల నీట మునిగి ప్రొపెల్లరును తిప్పే కాలు ఒకటి, గోడలోని రంధ్రం గుండా ఈ రెంటినీ కలిపే ఇరుసు ఒకటి ఉన్న యంత్రసముదాయానికి స్టెర్న్‌డ్రైవ్ అని పేరు. ఇంజిను నుండి అడ్డంగా వచ్చిన భ్రమణం కాలి పైభాగంలోని గేర్ల వల్ల నిలువుగా మళ్లి, అడుగుభాగంలోని గేర్ల వల్ల తిరిగి అడ్డమై ప్రొపెల్లరును చేరుతుంది. ఈ పడవకు వేరే చుక్కాని ఉండదు. కాలే అటూ ఇటూ తిరిగి దారి మళ్లిస్తుంది. జిమ్ విన్ అనే అమెరికన్ ఇంజినీరు రూపకల్పనను స్వీడన్‌కు చెందిన వోల్వో పెంటా సంస్థ స్వీకరించి, 1959లో న్యూయార్కు పడవల ప్రదర్శనలో ఆక్వామాటిక్ అనే పేరుతో చూపగా, 1961లో మెర్‌క్రూజర్ అదే మార్గం పట్టింది.

ఈ యంత్రం బాగోగుల మీద మాన్యువళ్లు వందల పుటలు పెరుగగా, వాటి సారాన్ని మూడు ఆటవెలదులలో ఇమిడ్చిన కవి తన పేరు చెప్పుకోలేదు. గోళ్లలో మడ్డినూనె ఉన్నవాడని మాత్రం పద్యాలే పట్టిస్తున్నాయి. మూడు పద్యాలకూ వస్తువు ఒక్కటేనని, అది నీరు అని ఈ వ్యాఖ్యానం ప్రతిపాదిస్తుంది. ఉండరాని చోట నీరుండడం, ఉండవలసిన చోట లేకపోవడం అనే రెండు దోషాలలోనే నావకాలి రోగాలలో అధికభాగం ఇమిడిపోతుంది. రెండవ పద్యంలో నీటి ఊసే లేదు గదా అన్న ఆక్షేపణకు సమాధానం ఆ పద్యం దగ్గరే చెప్పబడుతుంది.

ప్రథమ పద్యం

నూనె పాలవోలె నున్నచో నావను
నీట దింపరాదు నిశ్చయముగ
తైలమందు నీరు తగిలిన వడపోత
తొలుత విప్పి చూడు దోషమెఱుగ

టీక: నూనె = కాలిలోని గేర్లు మునిగి ఉండే గేరాయిలు; పాలవోలె = పాలవలె; ఉన్నచో = తెల్లబడి ఉన్నట్లయితే; నావను = పడవను; నిశ్చయముగ = ఎవరెంత బతిమాలినా; నీట దింపరాదు = నీటిలోకి దింపకూడదు; తైలమందు = ఇంధనమైన పెట్రోలులో; నీరు తగిలినన్ = నీరు చేరినదని అనుమానం కలిగితే; వడపోత = ఫ్యూయల్ ఫిల్టరును; తొలుత = తక్కిన వాటన్నిటి కంటె ముందు; దోషము ఎఱుగన్ = లోపమెక్కడిదో తెలియడానికి; విప్పి చూడు = ఊడదీసి పరీక్షింపుము.

తాత్పర్యం: గేరాయిలు తెల్లబడితే కాలిలోకి నీరు చొరబడినట్లు గనుక పడవను కదపరాదు, ఇంజిను మొరాయిస్తే ఖరీదైన భాగాలను శంకించక ముందే ఫిల్టరు విప్పి చూడవలెను.

విశేషాలు: ఇందు ఉపమాలంకారం స్పష్టం. నూనె ఉపమేయం, పాలు ఉపమానం, తెలుపు సమానధర్మం. తెల్లబడడం శుభ్రతకు చిహ్నం గదా అని పూర్వపక్షం చేసేవారు నూనెలో నీరు చిలికినప్పుడు ఏర్పడే మిశ్రమానిదే ఆ తెలుపని, అందులో తిరిగే గేర్లకూ బేరింగులకూ నూనె పొర కరవై అవి తుప్పుపట్టి అరిగిపోతాయని గ్రహించవలెను. ఆ నీరు ప్రవేశించే ద్వారాలలో మొదటిది ప్రొపెల్లరు ఇరుసు దగ్గరి రబ్బరు సీలు. నీటిలో తేలే గాలపు తీగ ఇరుసుకు చుట్టుకొని, తిరిగిన కొద్దీ బిగిసి, ఆ సీలును కోసివేస్తుంది; అందువల్ల ప్రొపెల్లరును అప్పుడప్పుడు ఊడదీసి దాని వెనుక తీగ చుట్టుకొన్నదేమో చూడవలెనని పెద్దలు విధించారు. రెండవ ద్వారం నూనె మరలకు వేసే వాషరు. దాని ఖరీదు అత్యల్పం కావడమే దానిని మార్చకపోవడానికి కారణమవుతున్నది.

పరీక్షావిధానం ఇది. పడవను ట్రైలరు మీద ఉంచి, కాలిని నిటారుగా కిందికి దింపి, ఒక రాత్రి కదపకుండా వదిలిన పిదప, తెల్లవారి అడుగు మరను కొద్దిగా వదులు చేయవలెను. నీరు నూనె కంటె బరువు గనుక, విడిగా ఉన్న నీరు ముందుగా బొట్లుబొట్లుగా కారుతుంది. కొన్ని మరల కొనకు అయస్కాంతం ఉంటుంది; దానికి అంటిన ముద్ద వేళ్ల మధ్య నలిపితే మెత్తగా ఉన్నచో అది సహజమైన అరుగుదల, పలుకులు తగిలినచో గేరు పన్ను విరిగినట్లు. కొత్త నూనెను అడుగు రంధ్రం నుండి పైకి ఎక్కించవలెనే గాని పై నుండి పోయరాదు; పై నుండి పోస్తే లోపల గాలి చిక్కుకొని, నిండిందనిపించి నిండకుండా ఉంటుంది. మిషిగన్, మినెసోటా వంటి చలి రాష్ట్రాలలో ఈ పరీక్ష శరదృతువులోనే జరుగవలెను. లోపల మిగిలిన నీరు గడ్డకట్టి వ్యాకోచించి లోహపు కాలినే పగులగొట్టగలదు.

ఉత్తరార్ధంలో ఒక ధ్వని ఉన్నది. పూర్వార్ధంలో పాలు, ఉత్తరార్ధంలో నీరు చెప్పిన కవి, రెంటినీ వేరుచేసే హంసను చెప్పకుండా ఆ స్థానంలో వడపోతను నిలిపాడు. 10 మైక్రాన్ల ఫిల్టరు నీటిని అడుగున నిలిపి పెట్రోలును పంపే హంస. మైక్రాన్ అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. అయితే ఈ హంసకు ఒక అశక్తత ఉన్నది. అమెరికాలో దొరికే పెట్రోలులో సాధారణంగా 10 శాతం దాకా ఇథనాలు కలుస్తుంది. ఇథనాలు నీటిని తనలో కరిగించుకొంటుంది. కరిగిన నీరు ఫిల్టరుకు చిక్కదు. నీటి పాలు సుమారు అర శాతం మించినప్పుడు మాత్రం నీరూ ఇథనాలూ కలిసి ఒక్కసారిగా పెట్రోలును విడిచి ట్యాంకు అడుగుకు చేరుతాయి. ఇంజిను పీల్చే గొట్టం మూతి కూడా ఆ అడుగునే ఉండడం వల్ల మొదట దాని నోటికి అందేది ఆ మిశ్రమమే. ఇట్టి విచ్ఛేదం జరిగిన ఇంధనాన్ని ఏ మందూ తిరిగి కలపలేదు, తోడివేయడమే శరణ్యం. ఇథనాలు 15 శాతం గల పెట్రోలును పడవలలో పోయరాదని అమెరికాలో నిషేధమే ఉన్నది.

విప్పిన ఫిల్టరులోని ద్రవాన్ని తెల్లగాజు సీసాలో వంచి, కొంతసేపు కదపక ఉంచితే, నీరు ఉన్నచో అడుగున వేరే పొరగా నిలిచి, రెంటికీ నడుమ గీత గీసినట్లు కనిపిస్తుంది. ‘తొలుత’ అనే పదానికి ఇక్కడే సార్థకత. రేవు దగ్గర నెమ్మదిగా నడిచినంతసేపు బాగానే ఉండి, వేగం పెంచగానే ఇంజిను దగ్గి ఆగిపోవడం ఇంధనం అందకపోవడానికి లక్షణం. ఫిల్టరు నిర్దోషి అని తేలితే పిదప ట్యాంకు గాలి గొట్టాన్ని చూడవలెను. దాని మూతిలో కందిరీగలు గూడు పెడితే ట్యాంకులోకి గాలి రాదు, గాలి రానిదే పెట్రోలు బయటికి రాదు. ట్యాంకు మూత వదులు చేయగానే ఇంజిను తేరుకొంటే దోషం అక్కడిదే. ఆ తరువాతిది ట్యాంకు నోటి దగ్గరి యాంటీసైఫన్ వాల్వు. ఇంధనపు గొట్టం తెగినా పెట్రోలు దానంతటది పడవలోకి కారకుండా స్ప్రింగుతో నిలిపిన చిన్న గోళీ అందులో ఉంటుంది, అది తుప్పుతో బిగుసుకొంటే ఇంజిను దాహంతో అలమటిస్తుంది. కార్బొరేటరును, పంపును నిందించడం వీటన్నిటి తరువాతి మాట.

ద్వితీయ పద్యం

బ్లోయరూదకుండ లోపల తాళము
త్రిప్పువాడు వేగ దివికి నెగురు
ఆవిరడుగు జేరు నది గాలి కన్నను
బరువు గాన రవ్వ పడిన మండు

టీక: లోపల = ఇంజిను గదిలో; బ్లోయరు ఊదకుండ = గాలిని వెలుపలికి తోడే పంకా నడవకుండ; తాళము త్రిప్పువాడు = ఇంజినును స్టార్టు చేయువాడు; వేగ = శీఘ్రముగా; దివికిన్ ఎగురు = స్వర్గానికి పోవును; ఆవిరి = పెట్రోలు ఆవిరి; అడుగున్ చేరు = పడవ అడుగును చేరును; అది = ఆ ఆవిరి; గాలి కన్నను బరువు గాన = గాలి కంటె బరువైనది గనుక; రవ్వ పడినన్ = నిప్పురవ్వ తగిలితే; మండు = అంటుకొనును.

తాత్పర్యం: పెట్రోలు ఇంజిను గల పడవలో తాళం తిప్పడానికి ముందు బ్లోయరు నడిపి, పడవ అడుగున చేరిన ఆవిరిని వెళ్లగొట్టవలెను.

విశేషాలు: మొదటి పాదంలో ‘బ్లో’, ‘లో’ అక్షరాలకు సంయుక్తాక్షర యతి చెల్లింది. ‘దివికి నెగురు’ అన్నది అతిశయోక్తి అని కొందరు ఆలంకారికులు భ్రమపడ్డారు, ఇది స్వభావోక్తి. పెట్రోలు ఆవిరి గాలి కంటె మూడు నాలుగు రెట్లు బరువు గనుక గాలిలో కలిసిపోక, నీరు చేరే పల్లానికే తానూ చేరుతుంది. పడవలో అట్టి పల్లానికి బిల్జ్ అని పేరు. కారు ఇంజినుకు అడుగున నేల దాకా తెరపి ఉండడం వల్ల కారిన ఆవిరి జారిపోతుంది. పడవకు ఆ వీలు లేదు, ఎందుకనగా నీటిని లోపలికి రానివ్వని గోడలే ఆవిరిని వెలుపలికి పోనివ్వవు. నీటి ఊసు లేని పద్యమన్న ఆక్షేపణకు ఇదే సమాధానం: నీటికి కట్టిన అడ్డుకట్టే ఇక్కడ ప్రమాదహేతువు.

రెండవ పాదం చివరి ‘ఎగురు’, మూడవ పాదం మొదటి ‘ఆవిరి’ అనే పదాల నడుమ ఉత్వసంధి నిత్యంగా జరుగవలసి ఉండగా కవి దానిని విడిచాడు. తక్కిన పద్యాలలో సంధి విషయంలో ఇంత జాగ్రత్తపరుడు ఇక్కడ ఏమరుపాటు చెందడం అసంభవం. అమెరికా పడవలలో తాళం పక్కన అంటించే హెచ్చరిక ఫలకం స్టార్టు చేయడానికి ముందు నాలుగు నిమిషాలు బ్లోయరు నడపవలెనని చెబుతుంది. పాఠకుడు ఆ నాలుగు నిమిషాలు ఆగడానికే ఈ తెరపి విడువబడినదని సిద్ధాంతం.

‘రవ్వ’ ఎక్కడిది? స్టార్టరు, ఆల్టర్నేటరు తిరిగేటప్పుడు లోపల రవ్వలు పుట్టడం సహజం. పడవ కోసం చేసిన వాటిలో ఆ రవ్వ వెలుపలి ఆవిరిని అంటించకుండా కట్టుదిట్టం ఉంటుంది. కారు విడిభాగాల దుకాణంలో చవకగా దొరికే స్టార్టరు అదే కొలతలతో, అవే బోల్టులతో సరిపోయినా ఆ కట్టుదిట్టం దానికి లేదు. పొదుపు పేరిట దానిని బిగించినవాడికి పద్యపు రెండవ పాదం వర్తిస్తుంది. బ్లోయరు గొట్టపు మూతి బిల్జ్ అడుగుకు దగ్గరగా ఉంటూనే అక్కడ మామూలుగా నిలిచే నీటికి పైన ఉండవలెను. నీట మునిగితే పంకా చప్పుడు చేస్తుందే గాని ఆవిరిని తోడదు. బ్లోయరు నడిచిందని నమ్మి ఊరుకోక, మూత ఎత్తి వాసన చూడడం అన్ని పరికరాల కంటె నమ్మదగిన పరీక్ష. కాకినాడ, విశాఖపట్నం రేవుల మరపడవలు డీజిలుతో నడిచేవి. డీజిలు మామూలు ఎండకు అంటుకొనేంత ఆవిరిని విడువదు గనుక ఈ పద్యం వాటికి అంతగా వర్తించదు, మొదటి పద్యపు ఉత్తరార్ధం మాత్రం పూర్తిగా వర్తిస్తుంది.

తృతీయ పద్యం

చల్లనీరు రాక సలసల కాగిన
నింజినాపి రెక్కలెంచి చూడు
మొకటి విరిగెనేని నుండు గొట్టమునందు
దాని వెదకి తీయ దాపముడుగు

టీక: చల్లనీరు రాక = బయటి చల్లని నీరు లోనికి చేరక; సలసల కాగినన్ = ఇంజిను మితిమీరి వేడెక్కితే; ఇంజిన్ ఆపి = ఇంజినును ఆపివేసి; రెక్కలు = నీటి పంపులోని ఇంపెల్లరు రెక్కలను; ఎంచి చూడుము = లెక్కపెట్టుము; ఒకటి విరిగెనేని = ఒక్కటి విరిగినా; గొట్టమునందు ఉండు = అది ముందున్న గొట్టంలో చిక్కి ఉండును; దానిన్ వెదకి తీయన్ = ఆ ముక్కను వెదకి తీస్తే; తాపము ఉడుగు = వేడి తగ్గును.

తాత్పర్యం: ఇంజిను వేడెక్కితే నీటి పంపు విప్పి, కొత్త ఇంపెల్లరు వేయడంతో సరిపెట్టక, పాతదాని విరిగిన ముక్కలన్నిటినీ వెలికి తీయవలెను.

విశేషాలు: నీరు లేకపోవడమే దోషమైన పద్యం ఇదొక్కటే. ఇంపెల్లరు అనగా రబ్బరు రెక్కల చక్రం. అది సరస్సు నీటిని పీల్చి ఇంజిను చుట్టూ తిప్పుతుంది. ఆ నీరే దానికి కందెన గనుక పొడిగా తిరిగితే కొద్దిసేపటిలోనే రెక్కలు కాలి చీలుతాయి. ఒడ్డున ఇంజిను నడిపి చూడదలచినవారు కాలికి ఇరువైపులా ఉన్న నీటి రంధ్రాలకు రబ్బరు కప్పులు తగిలించి తోట గొట్టంతో నీరు ఇవ్వవలెను. ఒక్కసారి తిప్పి చూస్తే ఏమవుతుందిలే అన్నవారే ఇంపెల్లరు తయారీదారులకు ప్రధాన పోషకులు. మెర్‌క్రూజర్ ఆల్ఫా రకంలో ఈ పంపు కాలి అడుగుభాగంలోనూ, బ్రావో రకంలో ఇంజిను మీదనూ ఉండడం వల్ల, పంపు ఎక్కడున్నదో తెలియక కాలు విప్పినవారి శ్రమ వృథా.

కొన్ని ప్రతులలో ‘రెక్కలెంచి’ అనే చోట ‘రెక్కలుంచి’ అనే పాఠం కనిపిస్తుంది. ఉన్న రెక్కలతోనే ఈ వేసవి గడుపుము అని దాని అర్థం. ఇది పొదుపరుల పాఠం. ఇకారానికి ఉకారంతో యతి కుదరదు గనుక ఈ పాఠం వల్ల యతిభంగమూ, రెక్కలు మార్చరు గనుక ఇంజిను భంగమూ సంభవిస్తున్నందున అది గ్రాహ్యం కాదు. లెక్కపెట్టడం ఎందుకన్న ప్రశ్నకు, తప్పిపోయిన రెక్క నీటితో కొట్టుకుపోయి నూనెను చల్లబరిచే కూలరు వంటి ఇరుకు చోట అడ్డుపడి, కొత్త ఇంపెల్లరు వేసినా నీటిని ఆపుతుందని సమాధానం.

అనుక్తాంశం

గోడను దాటే ఇరుసు చుట్టూ ఉండే బెల్లోస్, అనగా మడతలు మడతలుగా ఉన్న రబ్బరు తొడుగు, ఏ పద్యంలోనూ ప్రస్తావింపబడలేదు. అది చిరిగితే నీరు ముందుగా ఇరుసు కీళ్లను, ఇరుసును పట్టి నిలిపే గింబల్ బేరింగును తుప్పు పట్టించి, క్రమంగా పడవలోకే చేరి రేవులో కట్టిన పడవను కట్టినచోటనే ముంచగలదు. ‘నీట దింపరాదు’ అనే నిషేధంలోనే ఇది అంతర్భవిస్తుందని సమర్థించవచ్చును. ఏటా మడతల నడుమ వేలు పెట్టి తడిమి చూడడం, నిలవ ఉంచేటప్పుడు కాలిని కిందికి దింపి రబ్బరు సాగకుండా ఉంచడం దీనికి చెప్పిన రక్షావిధులు.

ఫలశ్రుతి

ఈ పద్యత్రయాన్ని వసంతాన పడవ దింపే వేళ, శరత్తున పడవ ఎత్తే వేళ పఠించినవారికి గేర్లు అరగవు, ఇంజిను ఆగదు, నడి సరస్సులో పరాయి పడవను తాడు వేయమని బతిమాలే అవస్థ కలుగదు. విన్నంతమాత్రాన పుణ్యం అనే సామాన్య నియమానికి మాత్రం ఇక్కడ అపవాదం చెప్పబడింది: ఫలం రెండు చేతులకూ నూనె అంటినవారికే, పద్యం కంఠస్థం చేసి మర విప్పనివారికి మెకానిక్కు బిల్లు తప్పదు.